యాపిల్ ఇంటి చేబదులు గారికి ఒక లేఖ

మహారాజశ్రీ కమర్షియల్ పేపర్ గారి సముఖానికి,
యాపిల్ బ్యాలెన్స్ షీట్, కరెంట్ లయబిలిటీస్ (ఏడాదిలోపు తీర్చాల్సిన బాకీల) వీధి, కుపర్టినో.

తమరు క్షేమమని తలుస్తాను. తమ క్షేమానికి లోటేముంది? 2023 సెప్టెంబరు 30 నాటి లెక్కల్లో దర్శనం చేసుకున్నాను, సుమారు 600 కోట్ల డాలర్లున్నారు. కంపెనీ కొన్నాళ్ల కోసం చేసే అప్పుకు రాసిచ్చే కాగితమే తమరు, తమ ఆయుష్షు సాధారణంగా తొమ్మిది నెలలు దాటదు. తాకట్టు అడగరు, హామీ సంతకం అడగరు. గడువు రాగానే కొత్త కాగితం అమ్మి, ఆ డబ్బుతో పాత కాగితం తీర్చేస్తారు. ఇదే పని మావైపు ఎవరైనా రెండుసార్లు చేస్తే ఇక ఊళ్లో అప్పు పుట్టదు. తమకు మాత్రం జనం క్యూ కట్టి మరీ ఇస్తారు.

నాకు అర్థం కానిది ఒకటే. ఆ రోజున ఆ ఇంట్లో నగదు, అమ్ముకోదగ్గ సెక్యూరిటీలు (బాండ్ల వంటి పెట్టుబడి కాగితాలు) కలిపి 16,200 కోట్ల డాలర్ల పైమాటే. అంత పెట్టుకుని చేబదులు దేనికండీ? పాత కథ తెలుసు. అప్పట్లో సొమ్ములో ఎక్కువ భాగం విదేశాల్లో ఉండేది. అమెరికాకు తెస్తే 35 శాతం దాకా పన్ను. వాటాదారులేమో మాకేదీ అని కూర్చున్నారు. పన్ను కట్టడం కంటే వడ్డీ కట్టడం చవకని 2013లో 1,700 కోట్ల డాలర్ల బాండ్లు అమ్మారు, మరుసటి ఏడాది తమరు కుడికాలు పెట్టారు. 2017 చివర్లో చట్టం మారింది, ఆ సాకు పోయింది. అయినా తమరు పోలేదు. ఎందుకు పోతారు? 2023లో లాభం 9,700 కోట్ల డాలర్లయితే, షేర్ల బైబ్యాక్‌కే, అంటే తన షేర్లు తానే తిరిగి కొనుక్కోవడానికే 7,755 కోట్లు, డివిడెండ్లకు మరో 1,500 కోట్లు ఖర్చుపెట్టారు. అంత దాతృత్వం చేసే ఇంటికి చేతిలో కాస్త చిల్లర ఆడుతుండాలి, ఆ చిల్లర తమరు. ఆ సెప్టెంబరులో తమ సగటు వడ్డీ 5.28 శాతం. కంపెనీ మొత్తం అప్పుల మీద ఆ ఏడాది వడ్డీ ఖర్చు 393 కోట్లు, దాచుకున్న డబ్బు మీద వచ్చిన వడ్డీ, డివిడెండ్ 375 కోట్లు. ఒక చేత్తో తీసుకుని ఇంకో చేత్తో ఇచ్చారన్నమాట. ఆ మిగిలిన పద్దెనిమిది కోట్ల సంగతి అక్కడెవరికీ పట్టినట్టు లేదు.

తమ పక్క వాటాలో 982 కోట్ల టర్మ్ డెట్ కాపురముంటుంది. ఆయన్ను చూసి కొత్తగా ఇంత అప్పు చేశారా అని చాలామంది బెంబేలెత్తుతారు. ఆయన కొత్త మనిషి కాదు. ఎప్పుడో అమ్మిన దీర్ఘకాలిక బాండు, తీర్చడానికి ఏడాది మిగలగానే సామాను సర్దుకుని తమ వీధిలోకి దిగుతుంది, అంతే. వెనక వీధిలో ఇంకా 9,500 కోట్ల పైచిలుకు వరసలో ఉన్నాయి లెండి.

అసలు నేను ఈ ఉత్తరం రాయడానికి కారణం తమరు కాదు, తమ పై అంతస్తులో ఉండే అకౌంట్స్ పేయబుల్ గారు. 6,261 కోట్ల డాలర్లు! తమకు పదింతలు. విడిభాగాలు, తయారీ అందించిన సప్లయర్లకు ఇంకా ఇవ్వాల్సిన డబ్బది. గోడౌన్‌లో సరుకు చూస్తే 633 కోట్లదే. అంటే సరుకు అమ్ముడుపోయి, డబ్బు చేతికొచ్చాక కూడా సప్లయరు బిల్లు వంతు కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. నెలాఖరుదాకా కిరాణా కొట్లో ఖాతా నడిపే గుమాస్తాకు ఆ కొట్టాయన ఎలాగో, ఈ ఇంటికి ఆ సప్లయర్లు అలాగ. తేడా ఏమిటంటే ఇక్కడ ఖాతా పెట్టినవాడే కొట్టాయన కంటే వెయ్యి రెట్లు కలిగినవాడు. ఈ అరువుకు వడ్డీ లేదు. ఉన్నా ధరలో ఎక్కడో ఇమిడిపోయి ఉంటుంది, అడిగితే ఆర్డరు పోతుందని సప్లయరు నోరు మెదపడు. అయినా అప్పు ఎంత అని ఎవరైనా లెక్క తీస్తే తమరూ పక్క వాటా ఆయనా లెక్కలోకి వస్తారు, ఈయన రాడు. వడ్డీ కట్టించుకునేవాడికే అప్పులవాడన్న గౌరవం!

నేను పేరెత్తని మిగతా బాకీలతో సహా అన్నీ కలిపి ఆ వీధి బాకీ 14,531 కోట్లు. ఏడాదిలోపు చేతికందే ఆస్తులు 14,357 కోట్లు. ఈ ఆస్తుల్ని ఆ బాకీతో భాగిస్తే వచ్చే నిష్పత్తి ఒకటి కంటే తగ్గితే ప్రమాదమని కామర్స్ క్లాసులో నేర్పుతారు. ఇక్కడ ప్రమాదమేమీ లేదు. ఏడాది దాటాక చేతికొచ్చే సెక్యూరిటీలు ఇంకో 10,000 కోట్లకు పైగా వేరే గదిలో ఉన్నాయి, ఎప్పుడు కావాలంటే అప్పుడు అమ్మొచ్చు. అదే అంకె, ఫోన్లు అమ్ముడుపోక గోడౌన్ నిండిన చిన్న హార్డ్‌వేర్ కంపెనీ షీట్‌లో ఉంటే? నెల గడిచేకొద్దీ సరుకు పాతబడుతుంది, ధర పడుతుంది, బ్యాంకు ఫోనెత్తదు, సప్లయర్లు ముందు డబ్బు అంటారు. తమవంటివాళ్లు ఆ ఇంటి గడప కూడా తొక్కరు.

ఆ మాటకొస్తే తమ వంశమూ మచ్చలేనిదేం కాదు. 2008 సెప్టెంబరులో అమెరికా పెట్టుబడి బ్యాంకు లేమన్ బ్రదర్స్ కూలినప్పుడు, జనం డబ్బును తమవంటి కాగితాల్లో పెట్టే రిజర్వ్ ప్రైమరీ ఫండ్ చేతిలో ఉన్న 78.5 కోట్ల డాలర్ల లేమన్ కాగితాలు చిత్తుకాగితాలయ్యాయి. ఆ దెబ్బకు తమ కులస్తుల్ని కొనే నాథుడు కరువై, చివరికి అమెరికా కేంద్ర బ్యాంకే సంచీ పట్టుకుని బజారుకు రావాల్సి వచ్చింది. కనుక కాస్త వినయంగా ఉండండి.

ఇట్లు,
బ్యాలెన్స్ షీట్‌ను అడుగునుంచి పైకి చదివే ఓ తెలుగువాడు

తా.క.: 2024 సెప్టెంబరు లెక్కలు కూడా చూశాను. దాదాపు 1,000 కోట్లకు చేరి తమరు బాగానే ఒళ్లు చేశారు, వడ్డీ మాత్రం 5 శాతానికి దిగింది. పై అంతస్తు ఆయన 6,896 కోట్లయ్యారు. ఆయనకు నా నమస్కారాలు చెప్పండి, వడ్డీ సంగతి మాత్రం ఎత్తకండి.