మా మందిరం మెట్లకి ఒక బహిరంగ లేఖ

మెట్లగారికి ప్రభువు నామంలో వందనాలు.

పర్లాకిమిడిలో మేమంతా క్షేమం, మీరు ఇంకా క్షేమం, మొన్న క్రిస్మస్‌కి కట్టడ నిధి అంతా మీ మీదే పోసి గ్రానైట్ వేయించారు కదా, ఎలా మెరుస్తున్నారో, వాన పడితే కాళ్లు బాగున్నోళ్లు కూడా జర్రున జారిపోతున్నారు. ఆ విషయంలో మీకు పక్షపాతం లేదు, ఒప్పుకుంటాను.

మా చిన్నత్త మీకు తెలుసు. చేత్తో తిప్పే మూడు చక్రాల బండి మీద వస్తాది, పోలియో. బండి మీ దగ్గర ఆగిపోద్ది. యూత్ తమ్ముళ్లు నలుగురు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఎత్తుతారు, ఇంకొకడు ఫోటో తీస్తాడు, మధ్యాహ్నానికి గ్రూపులో "దేవుని ప్రేమ" అని వచ్చేస్తాది, కింద ఆమెన్‌లే ఆమెన్‌లు. అందులో అత్త ఒక చేత్తో చీర కుచ్చిళ్లు, ఇంకో చేత్తో కుర్చీ పట్టుకుని కళ్లు గట్టిగా మూసుకుని ఉంటాది. ఎంత భక్తో అనుకున్నారు చూసినోళ్లు. భక్తి కాదు బాబూ, పడిపోతానని భయం!

తమ్ముళ్లకి క్రికెట్ మ్యాచ్ ఉన్న ఆదివారం చెప్పులు విప్పేచోటే అత్త సీటు. "సౌండ్ బాక్సు వినిపిస్తాది కదమ్మా" అంటారు. వాక్యం వినిపిస్తాది, ప్రభు బల్ల రొట్టె, ద్రాక్షరసం మాత్రం ఎవరికైనా గుర్తుంటేనే కిందికి దిగుతాయి.

పోనీ పైకెక్కిందే అనుకోండి, బయట నుంచి వచ్చిన ప్రసంగీకుడు ఎవరైనా సరే నేరుగా వచ్చి తల మీద చెయ్యి పెట్టి "లేచి నడువు" అని అరవాల్సిందే. ఆవిడ వచ్చింది కూతురి నర్సింగ్ సీటు గురించి ప్రార్థన చేయించుకుందామని. బైబిల్లో దావీదు రాజు, రెండు కాళ్లూ కుంటివైన మెఫీబోషెతుని తన భోజనం బల్ల దగ్గర కూర్చోబెట్టాడు కదా, ముందు నడిపించి ఆ తర్వాత కూర్చోబెట్టాడా ఏటి? ఆ అధ్యాయం ఆఖరి మాట వరకు అతను కుంటివాడే, భోజనం మాత్రం రోజూ రాజుతోనే. పాట ఎత్తుకుంటే అత్త గొంతుకి తిరుగులేదు, కానీ పాడే పుల్‌పిట్ ఎక్కాలంటే మీ మెట్ల తమ్ముళ్లు ఇంకో ముగ్గురున్నారు.

పాపం మీ తప్పేముంది లెండి. ఒడిశా ప్రభుత్వం ఇచ్చే మధుబాబు పెన్షన్ పని మీద అత్త వెళ్తే అక్కడి ఆఫీసుకి ర్యాంపు ఉంది, బ్యాంకుకి ఉంది. డబ్బు దగ్గరికి బండి వెళ్లిపోద్ది, దేవుడి దగ్గరికే వెళ్లదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో పబ్లిక్ బిల్డింగ్ అంటే ప్రార్థనలు జరిగేవి కూడా లెక్కలోకి వస్తాయి, 2017లో రూల్స్ వచ్చాయి, పాత బిల్డింగులకి 5 ఏళ్ల గడువిచ్చారు, అదీ దాటిపోయింది. కొలత కష్టమేం కాదు, అడుగు ఎత్తుకి 12 అడుగుల వాలు. మీరు 7గురు, మనిషికి 6 అంగుళాలు, అంటే 42 అడుగులు, మధ్యలో ఒక మలుపు. "జాగా లేదు" అంటాడు సెక్రటరీ. జనరేటర్‌కి ఉంది, పాస్టర్ గారి కారుకి షెడ్డుతో సహా ఉంది.

చెవులు వినిపించని తమ్ముడొకడు ఆఖరి బెంచీలో కూర్చుంటాడు. వాడు మిమ్మల్ని ఇట్టే ఎక్కేస్తాడు, ఎక్కాక ప్రసంగం గంటన్నర, సైగలతో చెప్పేవాళ్లు ఒక్కరూ లేరు. వాడి సంగతికి ఇంకో లేఖ రాయాలి.

శుభవార్త ఏంటంటే ర్యాంపు గురించి కమిటీ మీటింగ్ పెట్టారు. అత్త అభిప్రాయం తప్పనిసరిగా కావాలని ఆవిడకి కబురు కూడా పెట్టారు. మీటింగ్ మేడ మీద.