రామములక్కాయలూ, రాముడి ఉడుతా

ఆ కాయకి ముహూర్తం కూడా పెట్టాను. ఆదివారం పొద్దున్న, కాఫీలు అయ్యాక, మా అమ్మ చేత కోయించాలని. మా డాబా మీద కాసిన మొదటి టమాటా మరి. శనివారం సాయంత్రం చూస్తే తొడిమ దగ్గర కాస్త పచ్చ తప్ప మిగతాదంతా ఎరుపే. ఆదివారం మేం పైకి వెళ్ళేసరికి అది పిట్టగోడ మీద కూర్చుని ఉంది. అందులో పావు వంతు లేదు. కొరికిన అంచు వెంట గోరుతో గీసినట్టు సన్నటి పళ్ళ గాట్లు. గింజలు గుజ్జుతో సహా గోడ మీదకి జారాయి, చీమలు అప్పటికే వరస కట్టాయి. పక్కనే ఇంకో కాయ, పచ్చిది. దానికి ఒక్క గాటు పెట్టి, నచ్చక వదిలేసింది.

మొత్తం తినేసినా ఇంత బాధ ఉండేది కాదు. ఆకలేసింది, తింది, పోయింది అనుకునేవాణ్ణి. ఉడుత అలా కాదే! బట్టల కొట్లో పెళ్ళివారు చీరలు చూసినట్టు చూస్తుంది. అన్నీ విప్పించి, ఏదీ తీసుకోకుండా లేచిపోతుంది.

అసలు ఇదంతా 2023 జులై పుణ్యం. టమాటా కిలో 200 దాటిన రోజులు. మా ఇంట్లో చారుకి చింతపండు, పప్పుకి మామిడి ఒరుగులు, పచ్చడికి దోసకాయ వచ్చేశాయి. ఆ పౌరుషంలో కడియం వెళ్ళాను. రాజమండ్రిలో ఉంటూ కడియం నర్సరీలకి వెళ్ళి ఉత్త చేతులతో తిరిగొచ్చినవాడు ఇంతవరకూ నాకు తగల్లేదు. టమాటా నారు ఎనిమిది మొక్కలు, గ్రో బ్యాగులు, కొబ్బరి పొట్టు, వర్మీ కంపోస్టు, వేప పిండి, ఇవన్నీ మోసుకొచ్చిన ఆటో, వెరసి 2,740 రూపాయలు. మొక్కలు జానెడు ఎదిగేసరికి సెప్టెంబరు వచ్చింది. ధర పడిపోయి, కర్నూలు వైపు రైతులు కాయల్ని రోడ్డు పక్కన పారబోస్తున్నారని టీవీలో చూపించారు. మా ఆవిడ ఏమీ అనలేదు. టీవీ సౌండ్ మాత్రం పెంచింది.

ఉడుతకన్నా ముందు వచ్చినవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆకు అడుగున తెల్లదోమ చేరింది. మొక్కని కదిపితే బూడిద లేచినట్టు లేచేది. అది రసం పీల్చడంతో ఊరుకోదు, ఆకుముడత వైరస్‌ని కూడా మోసుకొస్తుంది. అలా ముడుచుకుపోయిన రెండు మొక్కల్ని పీకి పారేశాను. మిగిలిన వాటికి లీటరు నీళ్ళలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్ళు కలిపి కొట్టాను. జిగురు పూసిన పసుపు రంగు అట్టలు కట్టాను. ఆ అట్టకి ముందుగా అంటుకున్నది నా మోచెయ్యి. తర్వాత శనగపచ్చ పురుగు వచ్చింది. తల కాయలోపల పెట్టి, సగం ఒళ్ళు బయటే వదిలేసి తింటుంది. ఫ్రిజ్‌లో తలదూర్చిన మా అబ్బాయి గుర్తొచ్చాడు. పురుగునైతే ఏరి పారేయొచ్చు.

ఇవన్నీ దాటుకుని పండిన మొదటి కాయ అది. నేను గోడ దగ్గర నిలబడి ఉడుతని తిడుతుంటే అమ్మ అడ్డుపడింది.

"టమాటా ఏంట్రా, మా చిన్నప్పుడు రామములక్కాయలనేవాళ్ళం. ఉడుత ఎవరిది? వారధి కట్టేటప్పుడు ఇసక మోసిందని రాముడు వీపు నిమిరితే పడ్డాయి ఆ మూడు చారలు. కాయా రాముడిదే, ఉడుతా రాముడిదే. మధ్యలో నువ్వెవరివి?"

2,740 రూపాయలు పెట్టినవాణ్ణి అని చెప్పబోయాను. అమ్మ అప్పటికే మెట్లు దిగుతోంది. ఆ రోజు నుంచి పిట్టగోడ మీద మూకుడుతో నీళ్ళు, గుప్పెడు అటుకులు ప్రత్యక్షమయ్యేవి. ఇది అమ్మ ఉడుతా భక్తి. నిజం చెప్పాలంటే నీళ్ళు పెట్టడం తెలివైన పనే, దాహానికి కూడా కాయల్ని కొరుకుతుందట. మా ఉడుత మాత్రం అటుకులు తిని, నీళ్ళు తాగి, ఆఖర్న పండు కోసం వచ్చేది.

మెరిసేవి కడితే జడుస్తుందని ఎవరో చెబితే పాత సీడీలు వేలాడదీశాను. మూడో రోజు బట్టలు ఆరెయ్యడానికి వచ్చిన మా ఆవిడ ఒక సీడీ దగ్గర ఆగింది. మా పెళ్ళి వీడియో, రెండో భాగం. "చూడ్డానికి ఇంట్లో మిషను కూడా లేదు కదే" అన్నాను. అది అనకూడని మాటని తెలుసుకోవడానికి రెండు రోజులు పట్టింది. ఈలోపు ఉడుత ఆ సీడీలో మొహం చూసుకుని, మీసాలు దువ్వుకుని, భోజనానికి కూర్చునేది.

తర్వాత పచ్చిమిర్చి, వెల్లుల్లి నూరి వడకట్టి కొట్టాను. ఉడుత ఒక్క పూట రాలేదు. పిగిలిపిట్టలు వచ్చాయి. మిరప ఘాటు పక్షులకి తగలదని అప్పుడు తెలిసింది. మర్నాడు వాన కురిసి ఆ ఘాటంతా కడుక్కుపోయింది. నా కళ్ళలో మంట మాత్రం ఉంది.

ఇక మిగిలింది వల. కొత్త వల కొనడానికి మనసొప్పక, గోదావరి గట్టున ఒకాయన దగ్గర పాత చేపల వల 150 రూపాయలకి తెచ్చాను. కర్రలు పాతి, మొక్కలన్నిటి మీదా గుడారంలా కప్పి, అంచుల మీద ఇటుకలు పెట్టాను. సాయంత్రానికి అమ్మ ముక్కు మూసుకుని పైకొచ్చింది. "ఏరా, డాబా మీద ఈ నీసు కంపేంటి?" రాత్రికి పిల్లులు వచ్చాయి. ఒకటి కాదు, పేటలో ఉన్నవన్నీ. వల మీద దొర్లి, నాకి, కొట్టుకుని, తెల్లారేసరికి నా రెండు కర్రలు పడగొట్టాయి.

మళ్ళీ కట్టాను. నాలుగో రోజు పొద్దున్న చూద్దును కదా, ఉడుత వల లోపల ఉంది. కాకి భయం లేదు, పిల్లి భయం లేదు, చుట్టూ కట్టుదిట్టమైన కాపలా. వెనక కాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో టమాటా పట్టుకుని, నా వైపు చూస్తూ తింటోంది. ఎలా దూరిందో అని చూస్తే, వాన నీళ్ళు పోయే తూముని కూడా కలిపి వల కప్పింది నేనే.

దాన్ని తరుముదామని వల ఎత్తి దూరాను. అది తోక ఒక్కసారి ఎగరేసి, చిక్ చిక్ అని తూములోంచి వెళ్ళిపోయింది. నేను వెనక్కి తిరగబోతే చొక్కా బొత్తాం వల కన్నుల్లో ఇరుక్కుంది. దాన్ని తీస్తుంటే వాచీ. వాచీని లాగితే కళ్ళజోడు. ఆ స్థితిలో, మోకాళ్ళ మీద ఉండగా, ఎదురింటి డాబా మీంచి గొంతు వినబడింది.

"ఏవండీ అన్నయ్యగారూ, పెద్దదే పడ్డట్టుందే!"

మా ఆవిడ కత్తెర పట్టుకొచ్చింది. వల కొయ్యనా, చొక్కా కొయ్యనా అంది. నేను జవాబు చెప్పేలోపే చొక్కా కోసేసింది.

చివరికి పనిచేసింది చాలా మామూలు పని. కాయ దోరగా రంగు తిరగ్గానే కోసేసి, బియ్యం డ్రమ్ములో ఒక అరటిపండు పక్కన పెట్టాం. నాలుగైదు రోజుల్లో ఎర్రగా మగ్గాయి. మొదటి విడత పదకొండు కాయలు. పచ్చడికి పది తీసుకుని, అన్నిట్లోకీ మంచిది అమ్మ పిట్టగోడ మీద పెట్టింది. ఉడుత వచ్చింది. వాసన చూసింది. చుట్టూ ఒకసారి తిరిగి, ముట్టుకోకుండా వెళ్ళిపోయింది.

"చెట్టున పండింది కాదుగా" అంది అమ్మ. "దానికి తెలుస్తుంది."

మధ్యాహ్నం అన్నంలో ఆ పచ్చడి కలుపుకుంటూ నాకూ అదే అనిపించింది. పైకి మాత్రం అనలేదు.