రేడియో మనదైతే రిపేరు కూడా మనకే తెలియాలి

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం మీద విరుచుకుపడింది. గంటకు 140 కిలోమీటర్లు దాటిన గాలికి కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. కరెంటు స్తంభాలు కూలి చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. ఫోన్లు పనిచేయలేదు. నీళ్ల ట్యాంకరు ఎటు వస్తోందో, నష్టం రాసుకునేవాళ్లు ఎప్పుడొస్తారో తెలియక జనం పడిన టెన్షన్ అంతా ఇంతా కాదు. పది పదిహేను కిలోమీటర్ల మేర మన మాట వినిపించే చిన్న రేడియో కేంద్రం అలాంటప్పుడు ఎంత ఆసరాగా ఉంటుందో శ్రీకాకుళం తీరం వాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు.

అలాంటి కేంద్రం పెట్టుకునే హక్కు మనకుంది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. 2006 నుంచి స్వచ్ఛంద సంస్థలూ కమ్యూనిటీ రేడియోకి, అంటే స్థానికులే నడుపుకునే చిన్న రేడియో కేంద్రానికి, దరఖాస్తు చేసుకోవచ్చు. జహీరాబాద్ దగ్గర మాచునూరులో దళిత మహిళలు 2008 నుంచి సంఘం రేడియో నడిపి చూపించారు. సాధారణంగా అనుమతించే ట్రాన్స్‌మిటర్ (ప్రసార యంత్రం) 50 వాట్లది. దానికీ, మైకుల ధ్వనిని కలిపే మిక్సర్‌కీ కలిపి రెండు మూడు సీలింగ్ ఫ్యాన్లకయ్యే కరెంటు చాలు. బ్యాటరీలు, సోలార్ పలకలు ఉంటే కరెంటు లేని రోజున కూడా మాట ఆగదు.

అయితే ఆ మాటను ఆపేయడానికి పెద్ద కారణం అక్కర్లేదు. సముద్రపు ఉప్పుగాలికి ఏంటెనా దగ్గరి కనెక్టర్ తుప్పు పడుతుంది. సందులోంచి వాననీరు కేబుల్‌లోకి దిగుతుంది. పైకి పోవాల్సిన పవర్ వెనక్కి తిరిగి ట్రాన్స్‌మిటర్ మీద పడుతుంది. అది ట్రిప్ అవుతుంది, లేదా కాలిపోతుంది. కనెక్టర్ ఖరీదు తక్కువే. దాన్ని విప్పి, శుభ్రం చేసి, నీరు దిగకుండా టేపు చుట్టగలిగే మనిషి ఊళ్లో లేకపోతే హైదరాబాద్ నుంచి టెక్నీషియన్ వచ్చేదాకా కేంద్రం మూతే. అందుకే సాంకేతిక వసతుల నిర్మాణంలో స్వచ్ఛందంగా ముందుకొచ్చే ఊరి వాలంటీర్లు మొదటి రోజు నుంచీ ఉండాలని మేము గట్టిగా అంటున్నాం. ఖర్చు తగ్గుతుందని మాత్రమే కాదు. చేత్తో బిగించినవాడికే ఎక్కడ వదులైందో తెలుస్తుంది.

ఈ వాలంటీర్లు చేయగల పని చాలా ఉంది. స్టూడియో గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించడం చాలాచోట్ల అలవాటు. అవి బయటి చప్పుడును ఆపవు, అంటుకుంటే మాత్రం త్వరగా కాలిపోతాయి. గది లోపలి ప్రతిధ్వని తగ్గాలంటే దళసరి, మెత్తని సరుకు కావాలి. మన దగ్గర కొబ్బరి పీచుకి కరువా? గోగునార పండే జిల్లాల్లో గోనెకి కరువా? వాటికీ నిప్పు భయం ఉంది కాబట్టి వైరింగ్‌కి దూరంగా, మంట అంటకుండా మందు పట్టించి వాడాలి. గుంత తీసి బొగ్గు, ఉప్పు వేసి ఎర్తింగ్ చేయడం ఐటీఐ ఎలక్ట్రీషియన్ కుర్రాళ్లకు తెలిసిన పనే. పిడుగులు పడే ఈ ప్రాంతంలో ఎర్తింగ్‌లో లోపం ఉంటే ఎంత ఖరీదైన పరికరమైనా దక్కదు. డ్వాక్రా సంఘాల మహిళలు ఫోన్‌తో రికార్డు చేయడం, కంప్యూటర్‌లో కత్తిరించి అతకడం వారాల్లో నేర్చుకోగలరు. ఉద్దానం కిడ్నీ బాధితుల మొరైనా, వేటకెళ్లేవాళ్లకు చెప్పాల్సిన హెచ్చరికైనా వాళ్ల నోట వస్తేనే జనం చెవిన పడుతుంది.

టవర్ సంగతి వేరు. ముప్పై మీటర్ల దాకా లేచే మాస్ట్‌ను (ఏంటెనా స్తంభాన్ని), దాన్ని పట్టి ఉంచే స్టే వైర్లను ఇక్కడి తుఫాను గాలిని లెక్కగట్టి ఇంజనీరే డిజైన్ చేయాలి. సేఫ్టీ బెల్టు లేకుండా ఏ కుర్రాడినీ పైకి ఎక్కించకూడదు. సేవ పేరుతో ప్రాణాలు పణంగా పెట్టమనే హక్కు ఎవరికీ లేదు. సామాను, ప్రయాణం, భోజనం, బీమా ఖర్చు నిర్వాహక సంస్థే పెట్టుకోవాలి. నెలల తరబడి రోజూ వచ్చి పనిచేసేవారికి జీతం ఇవ్వాలి. ఉత్సాహం ఉంది కదా అని ఊరికే వాడుకుంటే రెండో ఏడు ఎవరూ రారు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పాలిటెక్నిక్‌లు, ఇంజనీరింగ్ కాలేజీలు ఉన్నాయి. ఇంజనీరింగ్ విద్యార్థులు ఎలాగూ కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేస్తున్నారు. రేడియో కేంద్రంలో చేసే పనిని కాలేజీలు అందులో లెక్కించాలి. కేంద్రానికి ఎత్తయిన ప్రభుత్వ భవనం మీద చోటు చూపించే బాధ్యత కలెక్టర్లు తీసుకోవాలి. ఢిల్లీ నుంచి లైసెన్సు రావడానికి సమయం పడుతుంది, అది చేతికి రాకుండా ప్రసారం చేయడం నేరం. కానీ గది కట్టడానికి, ఎర్తింగ్ వేయడానికి, గొంతులకు శిక్షణ ఇవ్వడానికి ఆ కాగితం కోసం ఆగక్కర్లేదు. ఈ పనులు వచ్చే తుఫాన్ల కాలానికి ముందే మొదలుకావాలి.