సవరణ: డిస్నీ వరల్డ్‌లో ఫాస్ట్‌పాస్ ఇప్పుడు లేదు
అమెరికాలో ఆర్లాండోలోని డిస్నీ వినోద పార్కులకు వెళ్లేవాళ్ల కోసం మొన్న పెట్టిన పోస్టులో "డిస్నీ వరల్డ్‌లో క్యూ తప్పించే ఫాస్ట్‌పాస్ టికెట్‌తోనే వస్తుంది, విడిగా డబ్బు కట్టకండి" అని రాశాను. అది తప్పు, పాత ముచ్చట. 1999లో మొదలైన ఆ ఉచిత పద్ధతి పోయి, 2021లో జీనీ ప్లస్ పేరుతో డబ్బు కట్టి కొనుక్కునే పద్ధతి పెట్టారు. 2024 జూలై నుంచి దాని పేరు లైట్నింగ్ లేన్ మల్టీ పాస్. పార్కు సొంత సైట్‌లోనే ఈ వివరాలున్నాయి. ధర తేదీని, అక్కడ ఏ పార్కుకి వెళ్తున్నామన్నదాన్ని బట్టి మారుతుంది. మనిషికొకటి కొనాలి కాబట్టి నలుగురున్న ఇంటికి బాగానే వదులుతుంది.

మనవాళ్లు ఎక్కువగా క్రిస్మస్ సెలవుల్లోనే వెళ్తారు. ఆ రద్దీలో అయితే కొనడమే నయం. మన రావిర్యాల వండర్‌లాకి రద్దీ లేని మామూలు మంగళవారం వెళ్లేవాళ్లు మాత్రం ఫాస్ట్‌ట్రాక్ (అక్కడి క్యూ తప్పించే పాస్) డబ్బులు భోజనానికి ఉంచుకోండి.