వచ్చే వారం తీసేయాల్సిన కోడ్

"చిన్న మార్పే కదా, సాయంత్రానికి అయిపోతుందా?" అన్నారు మేనేజర్ గారు. బిల్లు మీద ఒక్క గడి పెంచాలట. చిన్నదే! కానీ ఆ బిల్లు ప్రోగ్రాం రాసింది విజువల్ బేసిక్ 6 అనే ప్రోగ్రామింగ్ భాషలో. 1998 నాటి సరుకు. అందులో కోడ్ రాసే ఎడిటర్‌కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2008లోనే ఆగిపోయింది. నా మెడకు మాత్రం ఇంకా వేలాడుతూనే ఉంది.

తెరిచి చూస్తే ఒకే ఫంక్షన్, అంటే ఒక్క పనికి రాయాల్సిన కోడ్ ముక్క, నాలుగు వేల లైన్లు. విలువలు దాచుకునే వేరియబుల్స్ పేర్లు ఎక్స్1, ఎక్స్2, ఎక్స్2కొత్త. ఇందులో ఏది దేనికి? అడుగుదామంటే రాసినాయన ఎప్పుడో ఉద్యోగం మానేశారు. పైనే 'ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్' అని ఒక లైను. అంటే తప్పు జరిగినా నోరు మూసుకుని తర్వాతి లైనుకు పొమ్మని! దొంగ పడినా మొరగకుండా కుక్క నోరు కట్టేసినట్టు. దాని కింద ఒక వ్యాఖ్య: "తాత్కాలికం. వచ్చే వారం తీసేయాలి." తేదీ చూస్తే 2003. ఏ వారమండీ అది?

తిరగరాద్దామంటే "నడుస్తోంది కదా, ఎందుకు కెలకడం?" అంటారు. ఆగిపోతే మాత్రం చివర ముట్టుకున్న నాదే తప్పు.

ఇంతకీ ఆ గడి పెట్టాను. ఇప్పుడు జీఎస్టీ సున్నా చూపిస్తోంది. ఎర్రర్ మాత్రం ఒక్కటీ లేదు!