అరవై దాటితే పన్ను తగ్గాలా?

నల్గొండ రామగిరిలో మా మామ ఇల్లు. మామ రిటైర్డ్ టీచర్, 67 ఏళ్లు. అల్లుడు, అంటే మా తమ్ముడు, హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగి. ఏడాదికి 15 లక్షల జీతం. ఎఫ్‌డీ కాగితాలు, నింపాల్సిన బ్యాంకు ఫారం చాప మీద పరుచుకుని ఇద్దరూ వాదనకు దిగారు.

మామ: ఆదాయపు పన్ను పాత పద్ధతిలో 60 దాటితే 3 లక్షల దాకా, 80 దాటితే 5 లక్షల దాకా పన్ను లేదు. కొత్తదాంట్లో అందరికీ ఒకటే 4 లక్షలు. వయసుకు విలువే లేదు.

అల్లుడు: నీకేం పోయింది మామా? కొత్తదాంట్లో 12 లక్షల దాకా రిబేట్ ఉంది, అంటే పన్ను మాఫీ. నీ పింఛన్, వడ్డీ కలిపినా 7 దాటవు. నేను కట్టేది 97,500. అదే 15 లక్షలు పింఛన్‌గా వచ్చే పెద్దమనిషి నాకన్నా తక్కువ ఎందుకు కట్టాలి? ఆయనకు ఇంటి లోన్ ఉందా, పిల్లల ఫీజులున్నాయా?

మామ: నీకు వచ్చే ఏడు ఇంక్రిమెంట్ ఉంది, లేదంటే కంపెనీ మారతావు. ఎఫ్‌డీ వడ్డీ తగ్గితే నేనెక్కడికి మారాలి?

అల్లుడు: మందుల ఖర్చు ఎక్కువంటే మందులకే మినహాయింపు ఇవ్వాలి. పుట్టిన తేదీకి ఎందుకు?

మామ: మందులకు బిల్లుంటుంది. మీ అమ్మమ్మను పొద్దున లేపి, స్నానం చేయించి, చెయ్యి పట్టుకుని వాకిట్లోకి నడిపించే ఆమెకు నెలకు 12 వేలు ఇస్తున్నాం. దానికి బిల్లు ఎవరిస్తారు?

(తమ్ముడు కాసేపు నోరు మెదపలేదు. నా దగ్గరా జవాబు లేదు.)

అల్లుడు: మరి పానగల్లు దగ్గర నీ బత్తాయి తోట సంగతేంది? ఆ పైసలకు పన్ను లేదు కదా. అక్కడ 30 ఏళ్లవాడికీ 80 ఏళ్లవాడికీ ఒకటే లెక్క.

మామ: తోట సంగతి వేరు.

(ఎట్లా వేరో చెప్పలేదు.)

అల్లుడు: పక్కింటి ముసలమ్మను చూడు. ఆసరా పింఛన్ 2,016 రూపాయలు. సబ్బు కొంటే నాలాగే 5 శాతం జీఎస్టీ కడుతుంది. నువ్వడిగే రాయితీ ఆమె దాకా పోతుందా?

మామ: సబ్బుకు కూడా వయసు చూడమను.

అల్లుడు: కిరాణా షాపులో ఆధార్ కార్డు అడుగుతారా?

మామ: రైలు టికెట్‌కు చూడలేదా? 2020 మార్చి దాకా 60 దాటిన మగవాళ్లకు 40 శాతం, 58 దాటిన ఆడవాళ్లకు 50 శాతం తగ్గించారు.

అల్లుడు: బ్యాంకులో ఇప్పటికీ చూస్తున్నారు కదా. ఏడాదికి వడ్డీ 50 వేలు దాటితే నాకు టీడీఎస్, అంటే ముందే పన్ను, కోస్తారు, నీకు లక్ష దాటితేనే. అది కూడా వద్దని రాసియ్యాలా మామా?

మామ: ముందు ఆ ఫారం నింపు.