మూలాల పట్టిక బట్టీపడితే లాటిన్ పదాలు వచ్చేస్తాయా?

చెన్నైలో చదువుకునే తెలుగు విద్యార్థుల ఫోన్లలో ఈమధ్య ఒక సందేశం తిరుగుతున్నది. వైద్యం, వృక్షశాస్త్రం చదివేవారికి లాటిన్ గురించి అది నాలుగు మాటలు చెబుతుంది: శాస్త్ర పదాలన్నీ లాటినే కనుక 300 మూలాలను అర్థాలతో బట్టీపడితే చాలు, వ్యాకరణంతో పనిలేదు, లాటిన్ సంస్కృతం నుంచి పుట్టింది కనుక తెలుగువారికి సగం పదాలు ముందే వచ్చినట్టు, పైగా 2012లో వృక్షశాస్త్రజ్ఞులే లాటిన్‌ను వదిలేశారు. మైలాపూరులో మా పైవాటాలో ఉంటూ వైద్యవిద్య మొదటి సంవత్సరం చదువుతున్న నెల్లూరు అమ్మాయి దీన్ని నాకు చూపించి, "మాస్టారూ, దీన్ని నమ్మవచ్చునా?" అని అడిగింది. చాలా ఏళ్లు వృక్షశాస్త్రం చెప్పినవాణ్ని కనుక, ఆమెకు చెప్పిన జవాబునే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను.

అన్నిటికంటే ఎక్కువ చెరుపు చేసేది వ్యాకరణంతో పనిలేదన్న మాట. ఆ సందేశం ఇచ్చిన మూలాల పట్టికలో 'ఓస్' అన్న పదానికి ఎదురుగా 'ఎముక' అని ఉంది. అది నిజమే, తుంటి ఎముకను 'ఓస్ కాక్సే' అంటారు. అయితే మందుల చీటీలో 'పెర్ ఓస్' అని కనిపిస్తే అర్థం 'నోటి ద్వారా' అని. ఇవి రెండు వేర్వేరు పదాలు. షష్ఠీ రూపంలో ఒకటి 'ఓసిస్' అవుతుంది, రెండవది 'ఓరిస్' అవుతుంది. పెదవుల చుట్టూ ఉండే కండరానికి 'ఆర్బిక్యులారిస్ ఓరిస్' అన్న పేరు అందుకే వచ్చింది. లాటిన్ నిఘంటువులు నామవాచకాన్ని ఎప్పుడూ ప్రథమా రూపం, షష్ఠీ రూపం, లింగం కలిపి ఇవ్వడం ఛాందసం కాదు. ఆ మూడూ కలిస్తేనే అది ఒక పదం.

తెలుగువారికి ఇది వింత కాకూడదు. పంటికీ సుంకానికీ మనకున్న మాట 'పన్ను' ఒక్కటే. కాని డాక్టరు దగ్గరకు పంటి నొప్పితో వెళతాం, పన్ను భారం గురించి ప్రభుత్వానికి మొరపెట్టుకుంటాం. ప్రథమలో కలిసిపోయిన రెండు మాటలు విభక్తి రాగానే విడిపోతున్నాయి. ఇల్లు ఇంటి అవుతుంది, నోరు నోటి అవుతుంది, చేయి చేతి అవుతుంది. వీటిని ఔపవిభక్తికాలని బడిలో చదువుకున్నవాళ్లమే. 'ఇల్లు' అన్న ఒక్క మాట నేర్చుకుని హైదరాబాదులో దిగిన పరదేశి 'ఇంట్లో' అన్న మాట విని తెల్లమొహం వేసినట్టే, 'ఫీమర్' అంటే తొడ ఎముక అని మాత్రమే బట్టీపట్టిన విద్యార్థి 'ఫెమొరల్' అన్న విశేషణంలో ఆ 'ఒ' ఎక్కడి నుంచి వచ్చిందో తెలియక దాన్ని వేరే పదంగా మళ్లీ బట్టీపడతాడు. 'ఫీమర్, ఫెమొరిస్' అని మొదటే జంటగా చదివి ఉంటే ఆ రెండవ శ్రమ తప్పేది.

చెట్ల పేర్లలో లింగం కూడా ఇంతే ముఖ్యం. అడయారులో దివ్యజ్ఞాన సమాజం తోటలోని ప్రసిద్ధమైన మర్రి 'ఫైకస్ బెంగాలెన్సిస్'. రావిచెట్టు 'ఫైకస్ రెలిజియోసా'. శేషాచలం కొండల ఎర్రచందనం 'టెరోకార్పస్ శాంటాలినస్'. ఫైకస్, టెరోకార్పస్ అన్న రెండు ప్రజాతుల పేర్లూ (జంట పేరులో మొదటి మాట) 'అస్'తోనే ముగుస్తున్నా, ఒకదాని విశేషణం 'ఆ'తో, మరొకదాని విశేషణం 'అస్'తో ముగియడం చూసి, ఏదో ఒకటి అచ్చుతప్పని దిద్దిన విద్యార్థులను నేనెరుగుదును. నిజానికి ఫైకస్ లాటిన్‌లో స్త్రీలింగం, టెరోకార్పస్ పుంలింగం. శ్రీగంధం 'శాంటాలమ్ ఆల్బమ్' నపుంసకం కనుక అక్కడ విశేషణం కూడా 'అమ్'తో ముగుస్తుంది. 300 కాదు, 3,000 మూలాలు వచ్చినా ఈ సంగతి తెలియదు.

ఇక సంస్కృతం మాట. దంతానికి 'దెన్స్', నాసకు 'నాసుస్', జానువుకు 'జెను', పాదానికి 'పెస్' దగ్గరగా ఉన్న మాట నిజమే. ఇది గుర్తుపెట్టుకోవడానికి పనికొస్తుంది, వాడుకోవలసిందే. కాని 1786లో కలకత్తాలో ఇంగ్లీషు న్యాయమూర్తి, సంస్కృత పండితుడు విలియం జోన్స్ చెప్పింది సంస్కృతం లాటిన్‌కు తల్లి అని కాదు; సంస్కృతం, గ్రీకు, లాటిన్ మూడూ బహుశా ఇప్పుడు లేని ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని. అక్కచెల్లెళ్లను తల్లీకూతుళ్లు చేస్తే ప్రతి పోలికా చుట్టరికంలాగే కనిపిస్తుంది. అందుకే ఆ సందేశం బాహువు నుంచి 'బ్రాకియమ్' వచ్చిందని ధైర్యంగా చెప్పగలిగింది. బ్రాకియమ్ గ్రీకు నుంచి లాటిన్‌లోకి వచ్చిన మాట. బాహువుకు గ్రీకు బంధువు వేరే ఉంది, అది 'పేఖుస్'. పైగా తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, తమిళ కన్నడాల కుటుంబానికి చెందిందని 1816లో కంపెనీ అధికారి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ సోదాహరణంగా చూపించింది ఈ మద్రాసులోనే కదా!

అసలు తెలుగు చేయగల సాయం వేరే చోట ఉంది. మోకాలి చిప్పను లాటిన్‌లో 'పటెల్లా' అంటారు. ఆ మాటకు చిన్న పళ్లెం అని అర్థం. చిప్ప అన్నా, పళ్లెం అన్నా కన్ను చూసిన ఆకారం ఒక్కటే. కండరానికి పేరైన 'మస్క్యులస్' అంటే చిట్టెలుక, మెడ కింది జత్రువు ఎముకకు పేరైన 'క్లావిక్యులా' అంటే చిన్న తాళంచెవి, తుంటి ఎముకలోని గుంటకు పేరైన 'ఎసిటాబ్యులమ్' అంటే పుల్లని వినిగర్ పోసుకునే గిన్నె. నెల్లూరు అమ్మాయికి ఈ నాలుగూ చెప్పాను. రెండు వారాల తర్వాత అడిగితే ఒక్కటీ మరచిపోలేదు.

శాస్త్ర పదాలన్నీ లాటినే అన్నదాన్ని కొట్టివేయడానికి మూత్రపిండం ఒక్కటి చాలు: దానికి సంబంధించినదనే 'రీనల్' లాటిన్, దాని వాపు జబ్బు 'నెఫ్రైటిస్' గ్రీకు. స్థూలంగా చెప్పాలంటే అవయవం పేరు లాటిన్‌లో, దాని జబ్బు పేరు గ్రీకులో ఉండటం తరచూ కనిపిస్తుంది. మొక్కల పేర్లు మరీ కలగలుపు. చింత 'టమరిండస్' అరబ్బీ మాట. మామిడి 'మాంజిఫెరా'లో ముందు భాగం మన ద్రావిడ భాషలది, వెనుక భాగం లాటిన్‌ది. 'సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా'లో మొదటి మాట తెలుగువారి సోమిద చెట్టు, రెండవది జ్వరాన్ని తరిమేది అనే లాటిన్ విశేషణం.

2012 విషయం సగం నిజం. కొత్త మొక్కను ప్రకటించేటప్పుడు దాని వర్ణన లాటిన్‌లోనే ఉండాలన్న నియమం 1935 జనవరి 1 నుంచి ఉండేది. 2012 జనవరి 1 నుంచి ఆ వర్ణన ఇంగ్లీషులో ఉన్నా చెల్లుతుంది. సడలింది వర్ణనకు మాత్రమే. పేరును ఇప్పటికీ లాటిన్ పదంగానే చూస్తారు. ఈ రోజు ఎవరైనా ఒక కొత్త ఫైకస్‌ను కనుక్కుని దానికి పుంలింగ విశేషణం తగిలిస్తే, తర్వాత వచ్చినవారు ఆ పేరు పెట్టిన రచయిత పేరును అలాగే ఉంచి ఆ చివరి అక్షరాలను దిద్దుతారు.